హారం వెతికి చదివాను: ఇటీవలి సైన్స్ పరిశోధనలపై నా ప్రిపరేషన్ అనుభవాలు

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మిత్రులారా,

సైన్స్ అండ్ టెక్నాలజీలో ఇటీవలి పరిశోధనలు అనగానే మనలో చాలామందిమి చేసే పని ఒకటే. నెలవారీ కరెంట్ అఫైర్స్ పుస్తకం తెరిచి, ఎవరికి ఏ బహుమతి వచ్చిందో, ఏ సంవత్సరంలో ఏది కనుగొన్నారో బిట్లుగా బట్టీ పడతాం. మొదటి ప్రయత్నంలో నేనూ అదే చేశాను. వన్‌లైనర్లతో రెండు నోటు పుస్తకాలు నింపాను. అయినా ఈ విభాగంలోనే నెగటివ్ మార్కులు ఎక్కువగా పోయి, కటాఫ్‌కు కొద్ది దూరంలో ఆగిపోయాను.

ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి పాత మాక్ టెస్టు పేపర్లన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "ఒక టీకా సామర్థ్యం 95 శాతం అంటే, ఆ టీకా తీసుకున్న ప్రతి వంద మందిలో ఐదుగురికి వ్యాధి సోకుతుంది." అది సరైనదేనని గుర్తు పెట్టాను. 95 అనే అంకె నాకు కంఠస్థమే, అది ఎలా వచ్చిందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. 2020లో ఫైజర్, బయోఎన్‌టెక్ సంస్థల కోవిడ్ టీకా పరీక్షలో సుమారు 43 వేల మందిని దాదాపు సగం సగంగా విభజించి, ఒక సగానికి అసలు టీకా, మరో సగానికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. విశ్లేషణ నాటికి వ్యాధి సోకినవారు 170 మంది కాగా, వారిలో 162 మంది టీకా అందనివారు, 8 మంది టీకా తీసుకున్నవారు. 162తో పోలిస్తే 8 సుమారు 5 శాతం కాబట్టి తగ్గుదల 95 శాతం అయింది. టీకా తీసుకున్నవారిలో వ్యాధి సోకింది సుమారు 20 వేల మందికి 8 మందికే గానీ వందకు ఐదుగురికి కాదు.

ఆ రోజు పేపరు మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక భిన్నం గీసి, పైన 8, కింద 162 వేశాను. బట్టీ పట్టిన బిట్లన్నిటిలో నాకు దొరకనిది ఆ కింద ఉండాల్సిన అంకె, అంటే హారం. అప్పటినుంచి ఏ పరిశోధన చదివినా, ఈ అంకె దేనితో పోల్చి చెప్పారు అన్నదే నా మొదటి ప్రశ్న అయింది.

ఈ ఒక్క ప్రశ్నతో వైద్య విభాగం దాదాపు మొత్తం మారిపోయింది. అల్జీమర్స్ మందు లెకనెమాబ్ గురించి నేను కొన్న ఒక మెటీరియల్‌లో "27 శాతం నయం చేస్తుంది" అని అచ్చయింది. ఆ మందు జబ్బును నయం చేయదు. 18 నెలల పరీక్షలో, 18 పాయింట్ల కొలమానం మీద, మందు లేనివారి స్థితి 1.66 పాయింట్లు దిగజారగా, మందు తీసుకున్నవారి స్థితి 1.21 పాయింట్లు దిగజారింది. తేడా 0.45. దాన్ని 1.66తో భాగిస్తే 27 శాతం వస్తుంది. అంటే రెండు బృందాల్లోనూ క్షీణత కొనసాగింది, ఒకదాంట్లో నెమ్మదించింది. 27ను మాత్రమే గుర్తుపెట్టుకున్నవారికీ ఈ రెండు అంకెలనూ చూసినవారికీ మెయిన్స్ జవాబులో ఎంత తేడా కనిపిస్తుందో మీరే ఊహించండి. ఇక్కడ మరో మాట చెప్పాలి. ఆ తేడా చిన్నదని మందును తీసిపారేయడం కూడా సరైన జవాబు కాదు. ఆ జబ్బు గమనాన్ని మందగింపజేయగలమని పెద్ద పరీక్షలో తేలడం దశాబ్దాల ఎదురుచూపు తర్వాత జరిగిన విషయం.

భౌతికశాస్త్రంలో ఇదే పాఠం సంలీనం (ఫ్యూజన్, అంటే తేలిక పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి వెలువడే చర్య) దగ్గర నేర్చుకున్నాను. 2022 డిసెంబర్ 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ పుంజాలతో 2.05 మెగాజౌళ్ల శక్తిని ఇంధన గుళిక ఉన్న లక్ష్యంపైకి పంపితే, 3.15 మెగాజౌళ్లు వెలువడ్డాయి. పెట్టినదానికంటే ఎక్కువ వచ్చిందన్నది నిజమే, కానీ ఆ హారం లక్ష్యాన్ని చేరిన లేజర్ శక్తి మాత్రమే. లేజర్లను నడపడానికి విద్యుత్ సరఫరా నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు. హారంగా 2.05 పెడితే జవాబు ఒకటిన్నర రెట్లు, 300 పెడితే దాదాపు ఒక శాతం. "సంలీనం ద్వారా నికర విద్యుత్ ఉత్పత్తి సాధించారు" అనే స్టేట్‌మెంట్ కనబడితే దాన్ని కొట్టివేయడానికి ఈ రెండు అంకెలు చాలు.

గురుత్వ తరంగాలను, అంటే అంతరిక్షంలోనే పుట్టే అతి సూక్ష్మ కంపనాలను, పట్టే అమెరికా ప్రయోగం లైగోను కూడా అలాగే చదివాను. 2015 సెప్టెంబర్ 14న తొలిసారి పట్టుబడిన గురుత్వ తరంగం వల్ల నాలుగు కిలోమీటర్ల పొడవైన భుజంలో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు స్థాయిది. ఆ పోలికను మనసులో పెట్టుకుంటే, వేల కిలోమీటర్ల దూరంలో రెండు పరికరాలు ఎందుకు కావాలో కూడా అర్థమవుతుంది. ఒకచోట చిన్న అలజడి వచ్చినా రెండోచోట అదే ఆకారంలో రాదు కాబట్టి అది తరంగం కాదని తేల్చవచ్చు.

అయితే అంకెలు లేని పరిశోధనలకు హారం పద్ధతి సరిపోదని జీవశాస్త్రం నేర్పింది. అక్కడ ప్రయోగాన్నే కథలా చదవాలి. 2025 వైద్య నోబెల్ బహుమతి రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే నియంత్రక టీ కణాలకు సంబంధించినది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి అని పేర్లు వల్లె వేస్తే రెండు రోజుల్లో మరచిపోతాం. పుట్టిన మూడు రోజులకే ఎలుక పిల్లల నుంచి టీ కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథిని తొలగిస్తే, వాటి రోగనిరోధక వ్యవస్థ బలహీనపడాల్సింది పోయి సొంత అవయవాల మీదే తిరగబడింది. ఆరోగ్యమైన ఎలుకల టీ కణాలను ఎక్కిస్తే ఆ దాడి ఆగింది. అంటే దాడి చేసే కణాలతో పాటు, దాడిని ఆపే కణాలు కూడా ఉండాలి. వాటిని సకగుచి 1995లో గుర్తించారు. మరోవైపు, ఒంటిపై చర్మం పొలుసులై కొద్ది వారాలకే చనిపోయే ఒక జాతి మగ ఎలుకల్లో లోపం ఏ జన్యువులో ఉందో బ్రంకో, రామ్స్‌డెల్ 2001లో తేల్చారు. ఆ జన్యువు ఫాక్స్‌పీ3, అది మగవాటికి ఒక్కటే ఉండే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. జబ్బు మగ ఎలుకల్లోనే ఎందుకు కనబడిందో ఈ ఒక్క వివరంతో తెలిసిపోతుంది, మళ్లీ బట్టీ పట్టక్కరలేదు.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధికి 2023 నవంబర్‌లో బ్రిటన్‌లో ఆమోదం పొందిన క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ (డీఎన్‌ఏను కావాల్సిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్సలో నేను ఒక ఉచ్చులో పడ్డాను. లోపమున్న హీమోగ్లోబిన్ జన్యువునే అక్కడ సరిచేస్తారని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆ జన్యువును ముట్టుకోరు. పుట్టిన తర్వాత పిండదశ హీమోగ్లోబిన్‌ను అణచి ఉంచే బీసీఎల్11ఏ అనే జన్యువు పని రక్త మూలకణాల్లో తగ్గేలా కత్తిరిస్తారు. దాంతో పిండదశ హీమోగ్లోబిన్ మళ్లీ తయారై లోపమున్నదాని లోటు తీరుస్తుంది. పరీక్షలో తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలల పాటు తీవ్రమైన నొప్పి దశ రాలేదు. ఇక్కడ హారం 31 అని కూడా రాసుకోండి. ఫలితం గొప్పదే, బృందం మాత్రం చిన్నది.

నిలవని ఫలితాలకు నా పుస్తకంలో చివరి పేజీలు కేటాయించాను. వాటినీ చదవడం మానకండి. 2011లో న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందుగా చేరాయని ఒపేరా అనే ప్రయోగ బృందం ప్రకటించింది. సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్ అందుకు ప్రధాన కారణమని 2012లో తేలింది. ఆ తప్పును పట్టుకుని ప్రకటించినవారు ఆ బృందంవారే కావడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికంటే బరువైన మ్యూయాన్ అనే కణపు అయస్కాంత ధర్మం విషయంలో కథ ఇంకోలా నడిచింది. 2021లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాల కొలత సిద్ధాంతంతో పొసగకపోవడంతో కొత్త భౌతికశాస్త్రం ఆశలు రేగాయి. 2025లో ఆ ప్రయోగం తుది ఫలితం వచ్చేసరికి సిద్ధాంతపు లెక్కే సవరణకు లోనై ప్రయోగం వైపు జరిగింది.

చదివే మూలాల విషయానికి వస్తే, నోబెల్ బహుమతులకు కమిటీ సామాన్య పాఠకుల కోసం విడుదల చేసే వివరణ పత్రం, మిగిలిన వాటికి అసలు పరిశోధన పత్రపు సారాంశం నాకు సరిపోయాయి. రోజుకు ఒక్క పరిశోధనకు ముప్పావు గంట ఇచ్చి, ఒక పేజీకి మించకుండా రాసేవాణ్ని. పరీక్షకు ముందు పది రోజులు కొత్తది ఏదీ ముట్టుకోకుండా, ప్రతి పేజీలో హారాలున్న వరుసను స్కేలుతో మూసి, లవం మాత్రమే చూస్తూ కిందది గుర్తు తెచ్చుకునేవాణ్ని. మ్యూయాన్ పేజీలో మాత్రం సగం ఖాళీగా వదిలేశాను, సిద్ధాంతకారుల లెక్కలు ఇంకా సాగుతున్నాయి.