పాలసొర కూరకి సంజాయిషీ

అమ్మ వీడియో కాల్ చేసేసరికి రిసెప్షన్‌లో ఎవరూ లేరు. చెల్లి పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. ఆ రోజు చిన్నాన్న వలలో పాలసొరలు, అంటే బాలింతలకి వండిపెట్టే చిన్న సొరచేపలు పడితే, వేలంలో పెట్టనివ్వకుండా రెండు పిన్ని పక్కన తీసిందట. అదీ అమ్మ సంబరం. వేడినీళ్లు పోసి పైతోలు గీకేసి, కత్తిపీట పక్కన పళ్లెంలో పెట్టి చూపించింది. "నువ్వుంటే గిన్నె మిగిలేది కాదురా" అంది.

నా వెనక మా గెస్ట్‌హౌస్‌లో దిగిన ఒక యూరప్ ఆవిడ నిలబడి ఉంది. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగింది. గొంతు పెంచలేదు గానీ మొహంలో కోపం దాచుకోలేదు. "మీకు జీతం వచ్చేది ఇక్కడి సొరచేపల వల్ల. ఇంట్లో వాటినే వండుకుంటారా? మీకేమీ అనిపించదా?" అని అడిగింది. గెస్టులతో వాదించే ఉద్యోగం కాదు నాది. ఆవిడ డైవింగ్‌కి వాడిన గాలి సిలిండర్ల బిల్లు తీసి చేతికిచ్చాను. ఆ మాట మాత్రం నాలోనే ఉండిపోయింది. ఆవిడకి చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేనుండేది ఫువహ్ములాలో. మాల్దీవుల్లోనే దక్షిణాన, భూమధ్యరేఖ దాటగానే వస్తుంది. మాల్దీవులు అనగానే ఫొటోల్లో కనబడే లేత నీలం నీళ్లు, మధ్యలో దీవుల గుంపు, అలా ఉండదిది. ఒక్కటే దీవి. అంచు దాటితే సముద్రం నిలువునా లోతుకి పోతుంది. లోపల రెండు మంచినీటి చెరువులు, మామిడి చెట్లు, చామ మడులు ఉంటాయి. సాయంత్రం ఆ మడుల పక్కన నడుస్తుంటే గోదావరి జిల్లాలో ఉన్నానా అనిపించిన రోజులున్నాయి. 2020లో యునెస్కో దీన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే ప్రకృతిని కాపాడుకోవాల్సిన చోటుగా గుర్తించింది. గెస్టులు వచ్చేది మాత్రం టైగర్ షార్క్‌లనే పెద్ద సొరల కోసమే. హార్బర్‌లో ట్యూనా చేపలు శుభ్రం చేసి తలలు, పేగులు నీళ్లలో పారేసేవారు. ఆ వాసనకి అలవాటు పడ్డాయి ఇవి. ఇప్పుడు డైవ్ గైడ్లే ట్యూనా తలలు తీసుకెళ్లి అడుగున రాళ్ల కింద పెడతారు. పరిశోధకులు ఏడేళ్ల పాటు ఫొటోలు తీసి, ఒంటి మీది చారలూ మచ్చలూ పోల్చి చూస్తే 239 వేర్వేరు టైగర్ షార్క్‌లు తేలాయి. వాటిలో చాలా భాగం ఆడవే.

నేను రాసే లెక్కలన్నీ వీటి పేరు మీదే. అయినా చాలాకాలం వాటిని కంప్యూటర్ తెర మీదే చూశాను. స్టాఫ్ కదా అని డైవింగ్ కోర్సు తక్కువకే చేయించారు. కానీ షార్క్ డైవ్‌లో గెస్టుకి పోవాల్సిన చోటు మనకెందుకిస్తారు? ఒక శుక్రవారం పడవలో చోటు మిగిలింది. ఈ ఊరివాడే అయిన మా గైడు వచ్చి, "భాయ్, వీటి బిల్లులు రాయడమేనా? రా, చూద్దువుగాని" అన్నాడు. డబ్బు ఊసే ఎత్తలేదు. పడవలో నా మాస్క్ పట్టీ బిగించింది కూడా అతనే. పరాయి దేశంలో ఇలాంటి పనులు మనసులో ఎంత లోతుగా దిగుతాయో బయట ఉన్నవాళ్లకి తెలుసు.

నీళ్లలోకి దిగేముందు అతను నియమాలు చెప్పాడు. పైన తేలుతూ ఆలస్యం చెయ్యకూడదు, వెంటనే అడుగుకి దిగిపోవాలి. అందరం ఒకే వరసలో ఉండాలి. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, అటూ ఇటూ ఊపకూడదు. ముఖ్యంగా, వచ్చే సొర వైపే చూస్తూ ఉండాలి, దానికి వీపు చూపించకూడదు. చూస్తున్నారని తెలిస్తే అది పక్కకి తిరుగుతుందట. ఎంత టెన్షన్ పడ్డానంటే, గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌ని కొరికి కొరికి తర్వాత దవడలు నొప్పెట్టాయి.

లోతు ఎక్కువేం కాదు, పైనున్న వెలుగు బాగానే దిగుతోంది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత ఎడమ వైపు నీలంలో ఒక మరక లాంటిది కాస్త ముదిరి సొర అయింది. నాలుగు మీటర్లకి తక్కువుండదు. ముక్కు మొద్దుగా, తల ఇంత వెడల్పున ఉంది. పిల్లల ఒంటి మీద స్పష్టంగా ఉండే చారలు దీనికి మాసిపోయాయి. పొట్ట రెండు వైపులా ఉబ్బి ఉంది. చూలుతో ఉందని గైడు తర్వాత చెప్పాడు. కుడి దవడ మూలలో తుప్పు పట్టిన గాలం, దానికి జానెడు నైలాన్ తాడు, తాడు నిండా పాచి. అది దగ్గరకి వచ్చింది. గైడు అరచెయ్యి దాని తల మీద ఆనించి, వాకిట్లో అడ్డొచ్చిన గేదెని జరిపినట్టు పక్కకి జరిపాడు. అది జరిగిపోయింది. ఎవరూ కంగారు పడలేదు, అదీ కంగారు పడలేదు.

ఆ మనిషి అంటే నాకున్న గౌరవం మాటల్లో పెట్టలేను. ఆ ఒక్క క్షణంలో ఆయన ఒక్క పొరపాటు చేసినా ఏమయ్యేదో మా అందరికీ తెలుసు. భయం లేని మనిషి అని కాదు. దాని బలం తెలిసి, ఆ బలానికి చోటిచ్చి మసలుతాడు. నా చిన్నప్పుడు చిన్నాన్న కూడా కెరటం ముందు తెప్ప దించేటప్పుడు అలాగే ఉండేవాడు. మాట ఉండదు, చూపు నీళ్ల మీదే.

అందుకే ఆవిడ ప్రశ్న ఇంకా ఎక్కువగా గుచ్చుకుంది. ఈ దీవుల్లోనూ సొరలని పట్టారు. కాలేయం నూనె తీసి పడవల చెక్కకి పూశారు. 2010లో దేశమంతా సొర వేట నిషేధించారు. ఆ నిషేధం ఇన్నేళ్లు నిలబడిందంటే దాని వెనక కూడు ఉంది. 1993లోనే మాల్దీవుల్లో ఒక లెక్క కట్టారు. డైవింగ్ చోట్ల గ్రే రీఫ్ షార్క్ అనే సొర ఒకటి బతికుంటే సగటున ఏడాదికి 3,300 డాలర్లు తెస్తుందట. చంపి అమ్మితే జాలరికి వచ్చేది ఒక్కసారి 32 డాలర్లు. ఆ 3,300 ఇచ్చేది ఆవిడ లాంటి గెస్టులే, కాదనను. మరి మా ఉప్పాడలో బతికున్న సొరకి చిన్నాన్నకి ఎవరేమిస్తున్నారు? సముద్రం ఊరినే కోసుకుపోతున్న చోటుకి ఏ డైవర్ వస్తాడు?

మా వాళ్లకి నియమాలు లేవనుకోవద్దు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ఇల్లు గడవడం అంటే ఏమిటో నాకు తెలుసు. తిమింగల సొరకి 2001 నుంచి మన చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే, అటవీ శాఖతో పాటు జాలర్లు కూడా దిగి దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపారు. సొర రెక్కల ఎగుమతిని 2015లోనే ఆపేశారు.

పాలసొర వేరు, టైగర్ షార్క్ వేరు అని కూడా ఆవిడకి చెప్పాలనిపించింది. పాలసొర చిన్న జాతి, రెండు మూడేళ్లకే ఈడుకి వస్తుంది. టైగర్ షార్క్‌కి చాలా ఏళ్లు పడుతుంది, కడుపులో పిల్లల్ని ఏడాది దాటి మోస్తుంది. అలాగని పాలసొరకేమీ భయం లేదనలేను. దాన్నీ ముప్పున్న జాతుల్లో చేర్చారు. చిన్నాన్నే అంటాడు, వెనకటిలా పడట్లేదని. కానీ బాలింత కంచంలో ముక్కని చూసి ఆ తగ్గుదలకి మా అమ్మని నిలదీస్తే ఊరుకోలేను. పెద్ద ట్రాలర్లని వదిలేసి కత్తిపీట దగ్గర కూర్చున్న మనిషిని అడగడం న్యాయం కాదు.

అయితే ఆ దవడలోని గాలం కూడా నన్ను వదల్లేదు. అది ఎక్కడి పడవదో ఎవరికి తెలుసు? చిన్నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. పెద్ద సొర, చూలుతో ఉన్నది గాలానికి ప్రాణాలతో దొరికితే తాడు కోసి వదిలెయ్యమన్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "కోస్తాను బాబూ. ఆ తాడు, గాలాలు, ఆ రోజు డీజిలు ఎవరిస్తారో కూడా నువ్వే చెప్పు" అన్నాడు.

గుజరాత్‌లో తిమింగల సొరని విడిపించడానికి వల కోసిన జాలరికి అటవీ శాఖ నష్టం కట్టిస్తోంది. పెద్ద సొరలన్నిటికీ మన తీరంలో అలాంటి ఏర్పాటు ఉండాలి. ఉంటే చిన్నాన్న కోస్తాడు. ఆయన మాట నాకు తెలుసు.