తొండం లేని ఏనుగు ఊళ్లో ఒక పూట

ఉత్తరప్రదేశ్‌లోని పఖ్నాలో రైలు దిగేసరికి పదకొండు దాటింది. షికోహాబాద్ నుంచి ఫరూఖాబాద్ వెళ్లే పాసింజరు ఎక్కినవారికి ఆ ఆలస్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి సంకిస్సా పది పన్నెండు కిలోమీటర్లే అయినా, స్టేషను బయట ఉన్న ఒకే ఒక ఆటో అతను రానూపోనూ ఆరు వందలు అడిగి, నేను ముఖం తిప్పుకొని నాలుగడుగులు వేశాక నాలుగు వందల యాభైకి దిగాడు. గంటకు మించి ఆగితే మాత్రం పై డబ్బులివ్వాలన్నాడు. దారి పొడవునా ఆలుగడ్డ చేలు, వాటి మధ్య పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీలు తప్ప ఏమీ లేవు. బౌద్ధుల ఎనిమిది ముఖ్య పుణ్యక్షేత్రాలైన అష్టమహాస్థానాలలో ఒకటైన ఊరికి వెళుతున్నట్టు తెలిపే బోర్డు కోసం చూసి చూసి కళ్లు నొప్పి పుట్టాయి.

నన్ను ఇంత దూరం రప్పించింది కలకత్తా మ్యూజియంలో ఎప్పుడో చూసిన, భార్హుత్ బౌద్ధ స్తూపానికి చెందిన ఒక శిల్పం. అందులో మూడు నిచ్చెనలున్నాయి, చుట్టూ చేతులు జోడించిన జనం ఉన్నారు, బుద్ధుడు మాత్రం లేడు. నడిమి నిచ్చెన పైమెట్టు మీద ఒక పాదముద్ర, అడుగుమెట్టు మీద ఇంకొకటి చెక్కి శిల్పి ఊరుకున్నాడు. దిగివచ్చిన మనిషిని చూపకుండా దిగడాన్ని మాత్రమే చూపిన ఆ ఉపాయం అప్పటి నుంచీ నా మనసును వదలలేదు.

ఆ కథ జరిగిన చోటు ఈ సంకిస్సా, అంటే నాటి సాంకాశ్యం. శ్రావస్తిలో మహిమలు చూపిన తరువాత బుద్ధుడు ముప్పైముగ్గురు దేవతలుండే త్రయస్త్రింశ స్వర్గానికి వెళ్లి, తనను కన్న ఏడు రోజులకే కన్నుమూసిన తల్లి మాయాదేవికి వర్షాకాలం మూడు నెలలూ అభిధర్మం, అంటే బౌద్ధ తత్వసారం, బోధించి, పున్నమినాడు ఇక్కడ నేలకు దిగాడని బౌద్ధుల నమ్మకం. ఒక పక్క బ్రహ్మ చామరం వీస్తూ, ఇంకొక పక్క ఇంద్రుడు గొడుగు పట్టుకొని వెంట దిగారట. ఐదవ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ విన్న కథ ప్రకారం, ఆ నిచ్చెనలు ఏడు మెట్లు మిగిల్చి భూమిలోకి కుంగిపోయాయి. అశోకుడు వాటి మొదలు చూడాలని తవ్వించి, నీటి ఊట తగిలినా అంతు దొరకక, ఆ మెట్ల మీదనే విహారం కట్టించి వెనుక ఒక స్తంభం నిలిపాడు. ఏడవ శతాబ్దంలో మరో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ వచ్చేనాటికి ఆ ఏడు మెట్లూ లేవు. వాటి స్థానంలో రాజులు ఇటుకలతో, రాళ్లతో కట్టించిన మెట్లను ఆయన చూశాడు.

ఇప్పుడు ఉన్నది ఒక ఇటుకల దిబ్బ, దాని నెత్తిన బిసారీ దేవి గుడి. బుద్ధుడు దిగిన చోటు అదేనని బౌద్ధులూ, అమ్మవారి స్థలమని దేవి భక్తులూ ఏళ్ల తరబడి తగువులాడుకుంటున్నారు. నేను వెళ్లిన రోజున మాత్రం గుడి మెట్ల మీద ఇద్దరు ముసలమ్మలు బఠాణీలు ఒలుచుకుంటున్నారు.

దిబ్బకు దగ్గరలోనే, రాతి పందిరి కింద, ఇనుప కటకటాల వెనుక అశోకుడి ఏనుగు ఉంది. స్తంభం ఎప్పుడో పోయింది, శిఖరం మాత్రమే మిగిలింది. కింద గంట ఆకారంలో బోర్లించిన పద్మం, దాని మీద పద్మాలు చెక్కిన గుండ్రటి పీఠం, ఆపైన ఏనుగు. తొండం లేదు, తోక లేదు. కటకటాలకు ముఖం ఆనించి చూస్తే, ఇరవై రెండు శతాబ్దాలు దాటిన ఆ రాతి నునుపు ఇంకా కొన్నిచోట్ల నూనె రాసినట్టు మెరుస్తోంది. పక్కన నిలబడిన ఒక బడిపిల్లవాడు నా ఆశ్చర్యం చూసి, అది గేదె అని నమ్మకంగా చెప్పాడు. నవ్వబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఫాహియాన్, హ్యూయన్ త్సాంగ్ ఇద్దరూ ఇక్కడి స్తంభం మీద సింహం ఉందనే రాశారు. 1842లో ఈ ఊరే సాంకాశ్యమని గుర్తించిన పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్, అప్పటికే తొండం విరిగిపోయి ఉంటుందనీ, అంత ఎత్తున ఉన్న బొమ్మను కింద నుంచి చూసి వాళ్లు సింహమనుకొని ఉంటారనీ సమాధానం చెప్పుకున్నాడు. యాత్రికులు పొరబడ్డారో, వాళ్లు చూసిన స్తంభమే వేరో గానీ, నాకు పిల్లవాడి మాటే నచ్చింది.

ఆ సింహం గురించి ఫాహియాన్ ఇంకొక కథ కూడా చెప్పాడు. ఈ చోటు ఎవరిదన్న వాదంలో శ్రమణులు, అంటే బౌద్ధ భిక్షువులు, అన్యమతస్థుల చేతిలో ఓడిపోబోతూ, ఇది మాదే అయితే ఏదైనా మహిమ కనబడాలని ఒట్టు పెట్టుకోగా, స్తంభం మీది సింహం గర్జించిందట. అంటే ఈ తగువు పదహారు వందల ఏళ్ల కిందటే పాతబడిన తగువన్నమాట. ఏనుగు మాత్రం ఎవరి పక్షానా నోరు విప్పే స్థితిలో లేదు. మన అమరావతి రాళ్లు లండన్‌కూ మద్రాసుకూ తరలిపోయాయన్న బాధ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, కనుక ఇది కటకటాల్లోనైనా సొంత ఊళ్లో ఉన్నందుకు సంతోషించాను.

ఆటో అతను హారన్ కొడుతున్నా వినిపించుకోకుండా నాగుల చెరువు దాకా వెళ్లాను. ఇక్కడి సంఘారామంలో, అంటే భిక్షువుల మఠంలో, తెల్లచెవుల నాగుడొకడు ఉండేవాడనీ, అతడే వేళకు వానలు కురిపించేవాడనీ, భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసినప్పుడు చిన్న పాముగా మారితే, భిక్షువులు రాగి పాత్రలో మీగడ పోసి అందులో ఉంచి, పెద్దల నుంచి చిన్నల వరకు వరుసగా అందరి ముందుకూ తీసుకువెళ్లేవారనీ ఫాహియాన్ రాశాడు. వాన కావలసినప్పుడు ఊరివాళ్లు ఆ నాగుడికి పాలు పోస్తారని కన్నింగ్‌హామ్ కూడా రాసుకున్నాడు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తూ, చెవులు లేని పాముకు మన మొర ఎలా వినిపిస్తుందని అడిగి మా అమ్మమ్మ చేత మొట్టికాయ తిన్నది నాకు గుర్తుకు వచ్చింది.

చెరువులో నాచు తప్ప ఏమీ కనబడలేదు. గంట మీద నలభై నిమిషాలు అయిందని ఆటో అతను ఇంకో వంద పుచ్చుకున్నాడు.