బీపీ పుస్తకం, జెల్ ట్యూబు

తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంటే మెడ దగ్గర మొదలైన సెగ చెంపలదాకా పాకేది. చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. రాత్రయితే సరేసరి, రెండుసార్లు లేచి నైటీ మార్చుకోవడమే. నాకు 51. ముట్లు ఆగి ఏడాదిన్నర, బీపీ మాత్ర మొదలై ఆరేళ్ళు.

మొదట చూపించుకున్న డాక్టరు ఫైలు తెరవకుండానే "బీపీ ఉంది కదమ్మా, ఈ సెగలకి వాడే హార్మోన్లు మీకు కుదరవు, ఓర్చుకోండి" అన్నారు. అసలే మండుతున్న ఒళ్ళు ఆ మాటకి ఇంకా మండింది.

రెండో డాక్టరమ్మ మాత్రం రెండు వారాలు ఇంట్లో బీపీ చూసి రాసుకురమ్మన్నారు. మా అబ్బాయి పాత నోటుబుక్కులో గళ్ళు గీశాను. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నోరు మెదపకుండా చూసుకోవాలి. మొదటిరోజు 156/96. ఇది దిగేదాకా హార్మోను మాటే ఎత్తనన్నారు. మాత్ర డోసు పెంచి, నేను ఊరగాయకి దణ్ణం పెట్టాక, 130/80 దగ్గరికొచ్చింది.

అప్పుడు రాశారు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను, మాత్ర కాదు, జెల్. ఈస్ట్రోజన్ మింగితే ముందు లివర్‌కి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు, బీపీని పెంచే పనిలో పాలుపంచుకునే ప్రొటీనూ ఎక్కువ తయారవుతాయి. చర్మం మీద రాస్తే నేరుగా రక్తంలోకి పోతుంది, ఆ గొడవ బాగా తక్కువ. ఈ హార్మోన్ల మీద అమెరికాలో జరుగుతూ 2002లో మధ్యలో ఆపేసిన పెద్ద పరిశోధనతో అందరికీ భయం పట్టుకుందనీ, అందులో ఇచ్చినవి మాత్రలనీ, ఆ ఆడవాళ్ళ సగటు వయసు 63 అనీ చెప్పారు. అలాగని ముప్పు అసలే లేదనలేదు. ముందు మామోగ్రామ్, స్కానింగ్ చేయించారు. నాకు గర్భసంచి ఉంది కాబట్టి రాత్రి ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోను క్యాప్సూల్ కూడా. అది వేసుకోకుండా ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి క్యాన్సర్‌కి దారితీయొచ్చట. గర్భసంచి తీయించుకున్న మా అక్కకైతే అది అక్కర్లేదన్నారు.

జెల్ స్పిరిట్‌లా చల్లగా ఉంటుంది. తొడకి పల్చగా రాసి, ఆరేదాకా చీర కట్టను. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మనవరాలిని ఎత్తుకుంటాను.

ఎనిమిది వారాలైంది. రాత్రి ఒక్క నైటీతో తెల్లారుతోంది. బీపీ చూసుకోవడం మానలేదు. నేను పట్టీ చుట్టుకుని కూర్చోగానే మా ఆయన సరిగ్గా అప్పుడే "కాఫీ పెట్టావా?" అంటారు. అప్పుడొచ్చిన అంకె పుస్తకంలో ఎక్కించను.