మంక్ బొమ్మ ముందు మా అమ్మాయి, నేను

"ఆవిడ ఆ అమ్మాయి ముఖంలోకి ఎందుకు చూడటం లేదమ్మా? ఆ అమ్మాయికి అంతా తెలుసు కదా!"

ఓస్లో నేషనల్ మ్యూజియంలో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ వేసిన ‘జబ్బుపడిన బాలిక’ను చూస్తూ మా అమ్మాయి అడిగింది. తన కన్నీళ్లు పిల్ల కంట పడకూడదని తల దించుకుందన్నాను. తను ఒప్పుకోలేదు. ఏడిస్తే ఇద్దరూ కలిసే ఏడవాలట.

మంక్ తల్లి 1868లో క్షయతో పోయింది. అక్క సోఫీని 1877లో, 15 ఏళ్ల వయసులో, అదే జబ్బు తీసుకుపోయింది. ఈ బొమ్మలో సోఫీ పక్కన కూర్చున్నది ఆ పిల్లలను పెంచిన పిన్ని కారెన్ అంటారు. 1885-86లో ఈ బొమ్మ వేస్తూ మంక్ రంగును గీకేశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ గీకాడు. దగ్గరికి వెళితే ఆ గీతలన్నీ కనిపిస్తాయి. తెల్లని దిండు, ఎర్రని జుట్టు, పాలిపోయిన ముఖం. ఇద్దరి చేతులూ కలిసిన చోట మాత్రం వేళ్లు లేవు, రంగు ముద్ద ఉంది. అసంపూర్తి పనని ఆనాటి విమర్శకులు ఎద్దేవా చేశారు. నాకు గొంతు పూడుకుపోయింది సరిగ్గా అక్కడే. అంత గట్టిగా పట్టుకున్నాక ఎవరి వేళ్లు ఎవరివో ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇదే బొమ్మను మరో ఐదుసార్లు వేశాడాయన.

వడ్డాది పాపయ్య వన్నెలు చూస్తూ పెరిగిన కళ్లు నావి. బొమ్మంటే ఇంపుగా ఉండాలన్న పట్టు నాకు ఇంకా పోలేదు. మా అమ్మాయికి ఆ పేచీయే లేదు.

పిల్లలను ఇలాంటి బొమ్మల దగ్గరికి తీసుకెళ్లండి, అర్థం మాత్రం ముందే చెప్పకండి అని తోటి తల్లులకు చెబుతుంటాను. మనసులో ఉన్నది బయటికి చెప్పాలని ఇక్కడి బడిలో నేర్పుతారు, ఇంట్లో నేనూ అదే అంటాను. మా అమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు మాత్రం గది తలుపు వేసుకున్నాను. దాన్ని పిరికితనమంటే ఇప్పటికీ ఒప్పుకోను, అదీ ప్రేమే. కాకపోతే ఆ ప్రేమ తలుపుకు అవతల ఉన్న పిల్లకు అందిందా అన్నదే తేలడం లేదు.

ఇప్పుడు తనకు జర్మన్ చిత్రకారిణి కాథె కోల్విట్జ్ బొమ్మలు కావాలట. 1903 నాటి ‘చనిపోయిన బిడ్డతో తల్లి’ కోసం ఆవిడ ఏడేళ్ల కొడుకు పీటర్‌ను ఒడిలోకి తీసుకుని, అద్దంలో చూసుకుంటూ గీసింది. 1914లో ఆ పీటర్ యుద్ధంలో చనిపోయాడు. సైన్యంలో చేరడానికి తండ్రి అనుమతి కావలసి వస్తే, భర్తను ఒప్పించింది ఆవిడే. బొమ్మ తప్పక చూపిస్తాను. ఈ చివరి సంగతి వినే వయసు తనకు ఇంకా రాలేదని నా మనసు మొండికేస్తోంది. కానీ ఆ అబ్బాయి ఏమయ్యాడని తను అడుగుతుంది. అడిగి తీరుతుంది.