పీడీఎఫ్ బొమ్మ వెనక ఏముందో చూశాక

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు, ఎగుమతి కాగితాలు నేను చూస్తాను. ఇక్కడి 'బ్లాక్ గెలాక్సీ' రకం నల్ల గ్రానైట్ పలకలు కావాలంటూ బయటిదేశాల నుంచి మెయిళ్లు వస్తూనే ఉంటాయి. ఒక మెయిల్లోని జిప్ విప్పితే పీడీఎఫ్ బొమ్మతో ఆర్డరు కనిపించింది. పక్కనే ఫైలు రకం మాత్రం 'అప్లికేషన్' అని ఉంది, అంటే అది కాగితం కాదు, నడిచే ప్రోగ్రాం. తెరవకుండా ఆగాను.

విండోస్ ఫైలు పేరులో, అది ఏ రకమో చెప్పే చివరి ముక్కను దాచిపెడుతుంది. అందుకే 'ఆర్డర్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' కాస్తా 'ఆర్డర్.పీడీఎఫ్'లా కనిపిస్తుంది. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ కూడా ఇలాగే టెక్స్ట్ ఫైలు వేషంలో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాతా ఆ సెట్టింగు మారలేదంటే నాకు కోపమే వస్తుంది.

ఓనరు గారికి చూపించాను. "ఏందబ్బా ఇది! సరే, పని ఆగకుండా చూసుకో" అన్నారు.

ముందు అన్ని కంప్యూటర్లలోనూ ఫైలు పేర్లు పూర్తిగా కనపడేలా పెట్టాను. విండోస్ ఎక్కించేటప్పుడు తయారయ్యే మొదటి ఖాతా అడ్మినిస్ట్రేటర్‌దే, అంటే కంప్యూటర్లో ఏదైనా మార్చగల ఖాతా. మా వాళ్లంతా అందులోనే పనిచేస్తున్నారు. రోజువారీ పనికి మామూలు ఖాతాలు వేరే చేశాను.

అసలు టెన్షన్ స్కానర్ దగ్గర వచ్చింది. మా పాత జిరాక్స్ మెషిన్ ఎస్‌ఎంబీ1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోనే కంప్యూటర్లోని ఫోల్డర్‌కు స్కాన్లు పంపుతుంది. విండోస్ 7లో అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉండేది. ఆ కంప్యూటర్‌ను విండోస్ 10కి మార్చినా, వాడకంలో ఉంది కాబట్టి అలాగే మిగిలిపోయింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఆ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. ఆఫ్ చేశాను. గంట తిరక్కుండానే డిస్పాచ్ కుర్రాడు వచ్చాడు. "అన్నా, స్కాన్ పోవట్లేదు. లారీ బయట ఉంది."

మెషిన్ మెకానిక్‌కు ఫోన్ చేస్తే "మళ్లీ ఆన్ చేసుకోండి సార్, ఏం కాదు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ పూటకు పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసి లారీని పంపాం. తర్వాత మెషిన్ కంపెనీ స్కాన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఇప్పుడు మెషిన్ పంపదు, కంప్యూటరే స్కాన్‌ను తెచ్చుకుంటుంది. ఒక అడుగు ఎక్కువే, అయినా పని నడుస్తోంది.

చివరగా మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ. కొత్త కంపెనీ తెరిస్తే, మనం పెట్టుకుంటే తప్ప యూజర్ పేరూ పాస్‌వర్డూ అడగదు. ఎవరికి ఏది కనపడాలో విడదీసి, లెక్కలను పాస్‌వర్డ్‌తో తాళం వేసే టాలీవాల్ట్ కూడా పెట్టాను. ఆ పాస్‌వర్డ్ పోతే లెక్కలు ఇక తెరుచుకోవు. అందుకే కాగితం మీద రాసి ఓనరు గారి బీరువాలో పెట్టించాను.