గోడ మీది మరకలు

ఈరోజు మధ్యాహ్నం మూడింటికి బరంపురంలో ఒక పేషెంట్ ఇంటికి వెళ్లాను. మామూలుగా ఆ అక్కే పొద్దున్న పదింటికి ఆటోలో క్లినిక్‌కి వస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు, వచ్చి ఆరేళ్లయింది. ఈ వారం ఓపిక లేదు, "నువ్వే రా చెల్లీ" అంది.

పోయిన నెల క్లినిక్‌లో 25 అడుగుల నడక 8 సెకన్లలో ముగించింది. ఒంటి నిలకడని కొలిచే బెర్గ్ స్కేలులో 56కి 49. నున్నటి నేల, ఏసీ గది. "బాగుంది" అని ఫైల్లో రాసేసి ఊరుకున్నాను. నా తప్పే అది.

వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా టేపు పెడితే సరిగ్గా 25 అడుగులొచ్చింది. ఆవిడ అప్పుడే పొయ్యి దగ్గర్నుంచి లేచింది, జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. నడవమన్నాను. కుడికాలి బొటనవేలు నేలకి రాసుకుంటోంది. చెప్పు రెండుసార్లు వెనకే ఉండిపోయింది, ఆవిడకి తెలియనే లేదు. 10.5 సెకన్లు. ఈ నడకలో 20 శాతం తేడా వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఇది ముప్పై దాటింది. జబ్బు మళ్లీ తిరగబెట్టిందేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది.

ఫ్యాను కింద కూర్చోబెట్టి, మెడ మీద తడి తువ్వాలు వేసి, అరగంట కబుర్లు చెప్పాను. మళ్లీ నడిస్తే 8.6. వేడి చేసిన పని! నరాల మీద పొర దెబ్బతిన్నాక ఒళ్లు కాస్త వేడెక్కినా కబురు సరిగ్గా కాలిదాకా చేరదు. 1890లోనే ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు ఇలాంటిది గమనించాడు. అయినా, ఒక రోజు దాటి అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెప్పాను.

ధ్యాస లెక్క మీదుంటే నడక ఎలా ఉంటుందో చూద్దామని, నడుస్తూ వందలోంచి ఏడేసి తగ్గించమన్నాను. ఇంట్లో తెలుగే, లెక్కలు మాత్రం ఒడియాలోనే వస్తాయి ఆవిడకి. బడి అలాంటిది. మూడో అంకె దగ్గర అంకె ఆగలేదు, కాలు ఆగింది.

తర్వాత పాదాలు దగ్గరపెట్టి కళ్లు మూసుకోమన్నాను. రెండు సెకన్లకే ఒరిగిపోయింది, పట్టుకున్నాను. నేల ఎక్కడుందో పాదాలు చెప్పడం లేదు, కళ్లే ఇన్నాళ్లూ ఆ పని చేస్తున్నాయి.

"ఎప్పుడైనా పడ్డావా అక్కా?"

"పడలేదు చెల్లీ. కూర్చుండిపోయాను."

"ఎక్కడ?"

వాళ్లత్తగారు అందుకుంది. "ముఖానికి సబ్బు రాసుకుంటే అంతేనమ్మా. కళ్లు మూసుకుంటాది కదా."

ఫైల్లో "పడిపోవడం: లేదు" అని నా చేతిరాతే. కూర్చుండిపోవడాన్ని అడగాలని నాకెందుకు తట్టలేదో.

బాత్రూమ్ చూద్దామని వెళ్తుంటే కనిపించింది. వంటింటి నుంచి పెరటి దాకా సున్నం గోడ మీద నడుమెత్తున పసుపు, నూనె మరకలు, వేళ్లతో సహా. దగ్గరదగ్గరగా మొదలై, బాత్రూమ్ తలుపు దగ్గర గోడ అయిపోగానే ఆగిపోయాయి. కూర్చుండిపోయింది సరిగ్గా అక్కడే.

దసరాకి సున్నం వేయిస్తామన్నారు ఇంట్లోవాళ్లు. వడ్రంగి వచ్చి, పట్టుకుని నడవడానికి కమ్మీ బిగించేదాకా ఆగమన్నాను. నేల నుంచి మరక దాకా టేపు పెట్టి చూసి, ఫైల్లో 49 పక్కనే రాసుకున్నాను: 34 అంగుళాలు.