అరవై పాయింట్లతో ఆస్ట్రేలియా: నా అనుభవం

2022 ఎండాకాలంలో ఒక ఆదివారం ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాకి నాకెన్ని పాయింట్లు వస్తాయో కరెంటు బిల్లు వెనకాల లెక్క వేసుకున్నాను. నా వయసు 33, దానికి 25 పాయింట్లు. ఒక్క ఏడాది ముందు మేలుకుని ఉంటే 30 వచ్చేవి. బీటెక్‌కి 15. పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 65 దాటాను కాబట్టి 10. అప్పట్లో అన్నిట్లో 79 దాటితే 20 ఇచ్చేవాళ్లు గానీ, మూడుసార్లు రాసినా నా బండి రైటింగ్ దగ్గరే ఆగిపోయింది. సివిల్ ఇంజనీరుగా పదకొండేళ్ల అనుభవం ఉంది. అయితే అందులో మొదటి ఐదేళ్లు రాజమండ్రిలో చిన్న కాంట్రాక్టర్ల దగ్గర చేసినవి. జీతం చేతికిచ్చేవాళ్లు. పీఎఫ్ లేదు, ఫారం 16 లేదు, బ్యాంకులో పడ్డ రూపాయి లేదు. కాగితాలున్నది చివరి ఆరేళ్లకే, దానికి 10. మొత్తం 60.

అప్లై చేయాలంటేనే కనీసం 65 ఉండాలి. ఆ 65 కూడా గుమ్మం దాకానే తీసుకెళ్తుంది, లోపల కుర్చీ వేసేది ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లకే.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడ కూర్చున్న కుర్రాడు నా కాగితం చూసి నవ్వి, "ఆ ఐదేళ్లకి లెటర్ మేం పుట్టిస్తాం సార్, అనుభవానికి 15 అవుతుంది" అన్నాడు. ఇంజనీర్లు రాయాల్సిన రిపోర్టు కూడా తయారుగా ఉందట, పేరు మారిస్తే చాలట. దొంగ కాగితం పెట్టినట్టు తేలితే వీసా పోవడమే కాదు, 4020 అనే నిబంధన కింద మూడేళ్లు మళ్లీ గడప తొక్కనివ్వరు. ఇది నాకు అప్పటికి తెలియదు. భయమేసి వచ్చేశాను, అంతే. కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజు అక్కడే పోయింది. ఆస్ట్రేలియాలో నమోదైన మైగ్రేషన్ ఏజెంట్లకి ఒక ఏడంకెల నంబరు ఉంటుందని, దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చని తర్వాత తెలిసింది. వీళ్ల బోర్డు మీద దేవుళ్ల ఫొటోలు ఉన్నాయి గానీ ఆ నంబరు లేదు.

ఇక సొంతంగానే మొదలుపెట్టాను. సివిల్ ఇంజనీర్ల చదువునీ, అనుభవాన్నీ మదింపు చేసేది ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ. ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో మన దేశం 2014లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది కానీ అది కొన్ని కోర్సులకే వర్తిస్తుంది. నా డిగ్రీ 2010 నాటిది కాబట్టి నాకు సీడీఆర్ అనే రిపోర్టు తప్పలేదు. చేసిన పనుల మీద మూడు కథనాలు రాయాలి, ఒక్కోటి వెయ్యి నుంచి రెండున్నర వేల పదాలు. ఇంజనీరింగ్ కంటే నన్ను ఇబ్బంది పెట్టింది వ్యాకరణం. ప్రతి వాక్యం "నేను" అని ఉండాలి. సైట్లో మనం అలా మాట్లాడం కదా. "స్లాబ్ వేశాం, టెస్ట్ చేయించాం" అంటాం. కాలువ వంతెన గురించి మొదటి కథనం పూర్తిచేసి చదువుకుంటే నేనెక్కడా కనిపించలేదు, అంతా "మేమే". మళ్లీ కూర్చుని ఎర్త్ ప్రెజర్ లెక్క ఎవరు వేశారు, పునాది లోతు మార్చమని ఎవరన్నారు అని గుర్తుచేసుకుంటూ రాశాను. నిజంగా నేను చేసినవి అనుకున్నదానికంటే తక్కువే అని కూడా అప్పుడే తెలిసింది.

కోవిడ్ తర్వాత 2022 చివర్లో కటాఫ్‌లు బాగా దిగాయి, కొన్ని వృత్తుల వాళ్లని 65కే పిలిచారు. ఆ సమయంలో నా సీడీఆర్ ఇంకా క్యూలో ఉంది. అసెస్‌మెంట్ చేతికొచ్చేసరికి ఆ గాలి వెళ్లిపోయింది. దీని గురించి ఇప్పటికీ నాకు కడుపు మంటే.

ఈలోగా మా ఆవిడ పీటీఈ రాసి అన్నిట్లో 50 దాటింది, దానికి ఒక ఐదు. 65 అయ్యాయి. ఇంకో ఐదు, అనువాదకులకి పరీక్షలు పెట్టే నాటీ అనే సంస్థ వాళ్ల సీసీఎల్ పరీక్షలో వస్తాయని తెలిసి ఎగిరి గంతేశాను. ఎందుకంటే అది తెలుగు పరీక్ష. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, ఒకరు ఇంగ్లిష్‌లో, ఇంకొకరు తెలుగులో. మనం మధ్యలో కూర్చుని ఇటుది అటు, అటుది ఇటు చెప్పాలి. రెండు సంభాషణలు, ఒక్కోటి 45 మార్కులకి. ఒక్కోదాంట్లో కనీసం 29, మొత్తం మీద 63 రావాలి. గోదావరి జిల్లా వాడికి తెలుగులో పరీక్ష ఏమిటి అనుకున్నాను. కోచింగ్ ఊసే ఎత్తలేదు.

ఫెయిలయ్యాను. 57.

అద్దె ఇంటి గురించి ఒక సంభాషణ వచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ ఎంత వెనక్కి ఇస్తారు, గోడకి పడిన నెర్రెకి బాధ్యత ఎవరిది, ఫిర్యాదు ఎక్కడ చేయాలి. ఇంగ్లిష్‌లో మాట్లాడే ఆవిడ చెప్పేది అర్థమవుతూనే ఉంది, నోట్లోంచి మాత్రం "అంటే... మీ టెనెన్సీ అగ్రిమెంట్ టెర్మినేట్ చేయాలంటే" అని సగం ఇంగ్లిషే వస్తోంది. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఉండి నేను మాట్లాడుతున్నది తెలుగు క్రియలు తగిలించిన ఇంగ్లిష్ అని ఆ రోజు తెలిసింది. రెండోసారికి ముందు మూడు నెలలు రోజూ రాత్రి అన్నాలయ్యాక మా ఆవిడ ఒక సంభాషణ చదివేది, నేను చెప్పేవాణ్ణి. లక్షణాలు, దుష్ప్రభావాలు, నష్టపరిహారం, వాయిదా, జామీను. మా అబ్బాయికి కూడా పట్టుబడిపోయాయి. ఒకరోజు స్కూల్లో దెబ్బ తగిలించుకొచ్చి "నాకు నష్టపరిహారం కావాలి" అన్నాడు. 2023 జూన్‌లో 71తో గట్టెక్కాను. 70 పాయింట్లు.

ఇక్కడికి నా బలం అయిపోయింది. మిగిలింది 491 ఒక్కటే. 2019 నవంబర్‌లో వచ్చిన రీజనల్ వీసా ఇది. ఏదైనా రాష్ట్రం నామినేట్ చేసినా, రీజనల్ ప్రాంతంలో ఉన్న దగ్గరి బంధువు స్పాన్సర్ చేసినా ఒకేసారి 15 కలుస్తాయి. మా బాబాయి కొడుకు మెల్‌బోర్న్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాడు, పౌరసత్వం కూడా వచ్చింది. ఫోన్ చేస్తే, "ఎన్ని సంతకాలైనా పెడతాను రా" అన్నాడు. తీరా చూస్తే సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా రీజనలే. అన్నయ్య జీలాంగ్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటే నా పని అయిపోయేది. గంట ప్రయాణం దూరంలో పదిహేను పాయింట్లు పోయాయి.

సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం మొత్తం, అడిలైడ్ నగరంతో సహా, రీజనల్ కిందకే వస్తుంది. అక్కడికి ఆసక్తి తెలుపుతూ వివరాలు పంపి, ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ రెండు నెలలు గడిపాను. 2023 నవంబర్‌లో నామినేషన్, వెంటనే ఇన్విటేషన్ వచ్చాయి. పిలుపు అందాక 60 రోజుల్లో వీసాకి అప్లై చేయాలి. నాకు 4,640 డాలర్లు, మా ఆవిడకి 2,320, అబ్బాయికి 1,160. నాలుగున్నర లక్షల రూపాయల దాకా తేలింది. మా ఆవిడ గాజులు బ్యాంకుకి వెళ్లాయి. పోలీసు క్లియరెన్సులు, మెడికల్స్ అన్నీ మామూలే. వీసా 2024 సెప్టెంబర్‌లో వచ్చింది.

చుట్టాల్లో ఒక్కరు కూడా అడిలైడ్ పేరు విని సంతోషించలేదు. "సిడ్నీ రాలేదా పాపం" అన్నారు మా మేనత్త.

ఆ పదిహేను పాయింట్లు ఊరికే రావు, అడ్రస్‌తో తీర్చాలి. వీసా మీద 8579 అని ఒక షరతు ఉంటుంది. నివాసం, ఉద్యోగం, చదువు ఏదైనా రీజనల్ ప్రాంతంలోనే. ఇల్లు మారితే 14 రోజుల్లో తెలియజేయాలి. ఐదేళ్ల వీసాలో మూడేళ్లు ఇలా గడిపి, మూడు ఆదాయ సంవత్సరాల టాక్స్ నోటీసులు చూపిస్తే 191కి, అంటే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అప్లై చేసుకోవచ్చు. ఆ మూడేళ్లూ 189, 190 లాంటి వేరే స్కిల్డ్ వీసాల వైపు చూడ్డానికి కూడా లేదు. మెడికేర్, అంటే ప్రభుత్వ వైద్య బీమా మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది, పిల్లలున్నవాళ్లకి అది చిన్న విషయం కాదు.

2025 జనవరిలో దిగాం. లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని ఐదు నెలలు ఎవరూ తీసుకోలేదు, ఒక గోడౌన్‌లో పెట్టెలు మోశాను. తర్వాత మర్రే బ్రిడ్జ్‌లో రోడ్ల పని దొరికింది. అడిలైడ్‌కి 75 కిలోమీటర్లు, 1879లో నది మీద కట్టిన వంతెన పేరే ఊరి పేరు. మర్రే ఆస్ట్రేలియాలోకెల్లా పొడవైన నది అని గొప్పగా చూపిస్తే మా ఆవిడ ఒడ్డున నిలబడి, "ఇదా? మన ధవళేశ్వరం కాలువంత ఉంది" అంది.

మొన్న మెల్‌బోర్న్ కంపెనీ ఒకటి నా ప్రొఫైల్ చూసి ఫోన్ చేసింది. జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు. "2027 సెప్టెంబర్ దాకా కుదరదండీ" అని మర్యాదగా చెప్పి పెట్టేశాను. ఆ పూట అన్నం సయించలేదు.

అదే వారం చెల్లెలు ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగ్ చేసింది, విశాఖలో ఉంటుంది.

"అన్నయ్యా, నువ్వు రీజనల్‌లోనే ఉన్నావుగా, నన్ను నువ్వే స్పాన్సర్ చేయొచ్చట?"

"స్పాన్సర్ చేయాలంటే పీఆరో పౌరసత్వమో ఉండాలే. మెల్‌బోర్న్ అన్నయ్యకి పౌరసత్వం ఉంది, అడ్రస్ పనికిరాదు. నాకు అడ్రస్ ఉంది, పీఆర్ లేదు."

"పోనీ, ఈలోపు నేనేం చేయను?"

పీటీఈ మొదలుపెట్టమన్నాను. నర్సుగా రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోమన్నాను. తెలుగు పరీక్షకి మాత్రం ఇప్పటి నుంచే కోచింగ్ తీసుకోమన్నాను.

అటువైపు నుంచి పెద్ద నవ్వు. "తెలుగుకి కోచింగ్ ఏంటన్నయ్యా, మనకి రాదా ఏంటి?"